మీ కథ విన్నాం, మీ మాట వినలేదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి చెందిన డారెన్ మెక్‌గార్వీ గురించి నాలుగు మాటలు రాశాను. 'లోకీ' అనే పేరుతో ర్యాప్ పాడుతూ పెరిగి, 2017లో 'పావర్టీ సఫారీ' (పేదరికంలోకి విహారయాత్ర) అనే పుస్తకం రాసి, దానికి 2018లో బ్రిటన్‌లో ప్రతిష్ఠాత్మకమైన ఆర్వెల్ బహుమతి అందుకుని, ఆ తరువాత పేదరికం మీద, శ్రామికుల జీవితం మీద పత్రికల్లో, టీవీలో మాట్లాడే మనిషిగా మారిన వ్యక్తి ఆయన. ఆ నాలుగు మాటలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. వాటిలో ఎక్కువ భాగం బెంగళూరు తెలుగువాళ్ళవే కాబట్టి ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు కావాలనే ఇవ్వడం లేదు.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది కదిరి దగ్గర పల్లెటూరు. బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్‌లో టైలర్‌గా పనిచేస్తున్నాను. మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. ర్యాప్ పాటలు రాస్తాడు. మొన్న కాలేజీలో పాడుతున్నాడంటే సెలవు పెట్టుకుని వెళ్ళాను. వాళ్ళ నాన్న రాత్రి తాగి మెట్లెక్కి వచ్చే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో నేనూ వాడూ లెక్క కట్టుకునేవాళ్ళం. చెప్పులు ఈడ్చుకుంటూ వస్తే భయం లేదు. చప్పుడు ఆగి ఆగి వస్తే నేను పొయ్యి మీది గిన్నె దించి మూలకు జరిపేదాన్ని. అదంతా వాడు పాటలో పెట్టాడు. పిల్లలందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చాక అడిగితే మీరు రాసిన గ్లాస్గో ఆయన పేరు చెప్పి, ఆయన కూడా వాళ్ళమ్మ తాగుడు గురించి చెప్పుకునే ఇంత గొప్పవాడయ్యాడు అన్నాడు. ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తేనే గొప్పవాళ్ళవుతారా?
— ఒక తల్లి, బొమ్మనహళ్ళి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మీ అబ్బాయి మీకు చెప్పినది సగం నిజం. మిగిలిన సగాన్ని వాడికి మీరు చెప్పాలి, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మెక్‌గార్వీ 1984లో పుట్టాడు. గ్లాస్గో దక్షిణ భాగంలో పోలక్ అనే పేటలో, ప్రభుత్వం కట్టించి అద్దెకిచ్చే ఇళ్ళ మధ్య పెరిగాడు. తల్లికి తాగుడు, మత్తుమందులు అలవాటు. ఆయనకు ఐదేళ్ళున్నప్పుడు ఒక రాత్రి, ఇంట్లో చుట్టాలు స్నేహితులు ఉండగా, వెళ్ళి పడుకోమని తల్లి చెబితే మాట వినలేదు. ఆమె వంటింట్లోంచి రొట్టె కోసే కత్తి తీసుకుని మెట్ల మీదుగా వెంటపడింది. తండ్రి వచ్చి ఆమెను పక్కకు లాగాడు. ఆ తల్లి 36వ ఏట తాగుడు వల్లనే చనిపోయింది. తరువాత ఆయన కూడా తాగుబోతే అయ్యాడు, కొంతకాలం ఉండటానికి ఇల్లు లేకుండా గడిపాడు, చాలా కష్టం మీద మానుకున్నాడు. ఇవన్నీ ఆయన వేదికల మీద, రేడియోలో, పుస్తకంలో చెప్పుకున్నాడు. మీ అబ్బాయి విన్నది ఇంతవరకే.

అదే పుస్తకంలో ఆయన ఇంకొక సంగతి కూడా చెప్పాడు. తన కథ చెప్పినంతకాలం సంస్థలు, పత్రికలు పిలిచి కూర్చోబెట్టాయి, కన్నీళ్ళు పెట్టుకున్నాయి. కథ ఆపి, పేదల పేరు మీద వచ్చే డబ్బు ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోతోందని, మా పేటకు ఏం కావాలో మమ్మల్ని అడగకుండా నిర్ణయించేది ఎవరని ప్రశ్నలు మొదలుపెట్టేసరికి ఆ పిలుపులు పలచబడ్డాయి. అంటే వాళ్ళకు ఆయన గాయం కావలసి వచ్చింది గాని ఆయన అభిప్రాయం అవసరం లేకపోయింది. 2025లో వచ్చిన ఆయన పుస్తకం పూర్తిగా ఈ విషయం మీదనే. మనుషులు తమ బాధను నలుగురిలో చెప్పుకోవడం ఈ కాలంలో ఎలా ఒక సరుకుగా మారిపోయిందో, చెప్పుకున్నవాళ్ళు దానికి ఎంత మూల్యం చెల్లిస్తున్నారో, తనను కూడా కలుపుకుని ఆయన అందులో విచారించాడు. గుట్టు విప్పినందువల్లనే గొప్పవాణ్ణయ్యానని అనుకునే మనిషి అలాంటి పుస్తకం రాయడు.

మరి ఆయనను నిలబెట్టింది ఏమిటి అంటే, ఆ కత్తి సంఘటన దగ్గర ఆగిపోకుండా దానిలోంచి ఒక ఆలోచన లాగడం. ఇంట్లో ఏ క్షణాన ఏం జరుగుతుందోనని చెవులు రిక్కించుకుని పెరిగిన పిల్లవాడి శరీరం, ఇల్లు వదిలి బయటికి వచ్చినా ఆ కాపలా మానదని ఆయన అంటాడు. బడిలో మాస్టారు గొంతు పెంచినా, వీధిలో ఎవరో తేరిపార చూసినా, ఆఫీసు కిటికీ దగ్గర గుమస్తా విసుక్కున్నా అదే భయం లేస్తుంది. ఆ ఒత్తిడి నుంచి కాసేపు ఊరట కోసం మనిషి సిగరెట్టు, మందు, నూనెలో వేయించిన తిండి, చేతికందిన ఏదో ఒకదాని వైపు పోతాడు. దాంతో ఆరోగ్యం చెడుతుంది, డబ్బు పోతుంది, కొత్త ఒత్తిడి వచ్చి చేరుతుంది. పేదరికం అంటే చేతిలో డబ్బు లేకపోవడం మాత్రమే కాదని, ఒంట్లోకి దిగి స్థిరపడిన ఈ ఒత్తిడి కూడా పేదరికమేనని ఆయన వాదన. ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది ఇదే.

ఇప్పుడు మీ అబ్బాయి పాటను మళ్ళీ గుర్తుకు తెచ్చుకోండి. చెప్పులు ఈడ్చుకుంటూ వస్తే భయం లేదు, చప్పుడు ఆగి ఆగి వస్తే గిన్నె దించాలి. అమ్మా, ఆ చరణం మీ గుట్టు ఒక్కటే కాదు. అది మీరిద్దరూ ఏళ్ళ తరబడి మెలకువగా ఉండి సంపాదించిన తెలివి. ఆ హాల్లో లేచి నిలబడిన పిల్లల్లో ఎంతమంది తమ ఇంటి మెట్ల చప్పుడును అందులో విన్నారో మీకు తెలియదు. తల దించుకోవలసిన పని మీరు ఏమీ చేయలేదు.

అయితే మీ బాధలో న్యాయం ఉంది. ఆ పాటలో గిన్నె దించిన మనిషి మీరు. మిమ్మల్ని అడగకుండా మిమ్మల్ని వేదిక ఎక్కించే హక్కు కన్నకొడుకుకైనా లేదు. ఆ జీవితంలో వాడిది ఎంతో, మీది ఎంతో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. భయపడిన పిల్లవాడు వాడు, కాబట్టి ఆ భయాన్ని పాడుకునే హక్కు వాడిది. మీరు ఎందుకు ఆ ఇంట్లోనే ఉండిపోయారన్నది మీరు చెబితే తప్ప వాడు పాడకూడదు. మీ ఉత్తరంలో మరొక విషయం గమనించాను. మీ ఆయన ఏం పని చేసేవారో, ఏ పని పోయిందో, తాగుడు ఎప్పుడు మొదలైందో ఎక్కడా రాయలేదు. మీ అబ్బాయి పాటలో కూడా అది ఉండకపోవచ్చు. మెక్‌గార్వీ తన తల్లిని దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకోలేదు, ఆమె ఎలాంటి పిల్లగా పెరిగి ఉంటుందో ఆలోచించాడు. ఆ ప్రశ్న మీ అబ్బాయి కూడా వేసుకుంటే పాట ఇంకా లోతుకు పోతుంది.

ఇంకొకటి కూడా వాడికి చెప్పండి. పద్దెనిమిదేళ్ళుగా బొమ్మనహళ్ళిలో ఉన్నారంటే 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో హోసూరు రోడ్డు మీద మీరు కూడా ఉండి ఉంటారు. పీఎఫ్‌లో యాజమాన్యం వేసే వాటాను 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం నిబంధన మార్చినప్పుడు, పెద్ద సంఘాల పిలుపు ఏదీ లేకుండానే వేలమంది గార్మెంట్స్ ఆడవాళ్ళు మిషన్లు ఆపి రోడ్డెక్కారు. ఆ ఫ్యాక్టరీల్లో 58 ఏళ్ళదాకా ఎవరిని పనిలో ఉంచుతారు? కూతురి పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో, మొండి అప్పు తీర్చడానికో ఉద్యోగం మానేసి ఆ పీఎఫ్ తీసుకోవడమే మీకున్న ఒకే ఒక్క దారి. అది ఆ నిబంధన రాసినవాళ్ళకు తట్టలేదు. టార్గెట్ లెక్కల మధ్య రోజంతా వంగి కూర్చునే మీకు వెంటనే అర్థమైంది. రెండో రోజుకల్లా కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. నాకు గుర్తున్నంతవరకు ఆ రెండు రోజులూ టీవీల్లో కనబడినవి కాలిన బస్సులు, ఆగిపోయిన వాహనాలు. ఆ ఆడవాళ్ళలో ఒకరినైనా కూర్చోబెట్టి, పీఎఫ్ లెక్క ఎలా ఉండాలో మీరు చెప్పండి అని అడిగిన కార్యక్రమం నేను చూడలేదు. మీ అబ్బాయి మిమ్మల్ని అడగాలి. తాగే మనిషి భార్యగా మిమ్మల్ని పాటలో పెట్టాడు సరే, ప్రభుత్వం చేత నిబంధన మార్పించిన మనిషిగా కూడా పెట్టమనండి.

ప్రశ్న: మెక్‌గార్వీ తన పుస్తకంలో వ్యక్తిగత బాధ్యత గురించి గట్టిగా రాశాడని చదివాను. మా నాన్న అనంతపురం నుంచి బేల్దారి పనికి బెంగళూరు వచ్చి, ఒక్క దురలవాటు లేకుండా నన్ను ఇంజనీరింగ్ చదివించారు. నేను ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పేదలు తాగుడూ అప్పులూ మానుకుంటే బాగుపడతారని ఆయన కూడా ఒప్పుకున్నట్లే కదా?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: బాబూ, ఆయన ఆ మాట రాసిన సంగతి నిజమే. దానికి వామపక్షం వైపు ఉన్న ఆయన మిత్రులే కొందరు నొచ్చుకున్నారు. పేదరికానికి కారణం వ్యవస్థే అయినా, ఆ వ్యవస్థ మారేదాకా నా తాగుడుకూ, నా తిండికీ, నా కోపానికీ నేను జవాబుదారీ కాకుండా కూర్చోలేనని ఆయన అన్నాడు. అయితే ఆ వాక్యాన్ని ఎవరు, ఎవరితో, ఎక్కడ నిలబడి అన్నారన్నది చూడాలి. అది ఆయన తనతో తాను చెప్పుకున్న మాట, తన పేటలో తనలాంటి వాళ్ళతో చెప్పిన మాట. మనం బాల్కనీలో నిలబడి కింద షెడ్డులో ఉన్నవాళ్ళ వైపు అదే మాట విసిరితే దాని అర్థం మారిపోతుంది. తనది కాకపోతే కాశీదాకా దేకమన్నాడని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

మీ నాన్నగారి కష్టం గురించి నాకు ఒక్క రవ్వ అనుమానం లేదు. ఆయన దగ్గర కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. ఆ రోజుల్లో ఆయనతో పాటు అదే రేకుల షెడ్డులో పడుకున్న మిగిలినవాళ్ళు ఏమయ్యారు? వాళ్ళు కూడా అంతే బరువు మోశారు, అన్నే అంతస్తులు ఎక్కారు. ఒకరు పరంజా మీది నుంచి జారి నడుము విరగ్గొట్టుకుని ఉంటారు, ఒకరికి మేస్త్రీ కూలి ఎగ్గొట్టి ఉంటాడు, ఒకరి పిల్లవాడికి మీకు దొరికిన హాస్టలు సీటు దొరికి ఉండదు. మీ నాన్నగారికి వాళ్ళ పేర్లు గుర్తుంటాయి. వాళ్ళ కథలు విన్న తరువాత కూడా మీకు ఇదే అభిప్రాయం ఉంటే మళ్ళీ రాయండి, నేను తప్పకుండా ప్రచురిస్తాను.

మెక్‌గార్వీ తాను మారినది ఒక్క పట్టుదల వల్లనే అని ఎక్కడా చెప్పుకోలేదు. ఆయన పెరిగిన దేశంలో 1948 నుంచి వైద్యానికి ఆసుపత్రి గడప దగ్గర డబ్బు కట్టనక్కరలేదు. పని లేనివాడికి ప్రభుత్వ భృతి ఉంది. అవి ఉండి కూడా మనుషులు ఎందుకు మునిగిపోతున్నారన్నది ఆయన ప్రశ్న. అవి కూడా సరిగా అందని చోట ఉన్నవాళ్ళ బాధ్యతను కొలిచే ముందు మనం ఇంకా చాలా తగ్గి మాట్లాడాలి.

ప్రశ్న: మేము పదిమంది స్నేహితులం ప్రతి ఆదివారం వర్తూరు వైపు కట్టడాల దగ్గర ఉండే కూలీల షెడ్లకు వెళ్ళి పిల్లలకు పుస్తకాలు, స్కెచ్ పెన్నులు ఇస్తాము, రెండు గంటలు పాఠాలు చెబుతాము. వాళ్ళలో చాలామంది పాలమూరు, కర్నూలు నుంచి వచ్చినవాళ్ళే. పోయిన నెల మేము అట్టపెట్టె విప్పకముందే తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె ముందుకు వచ్చి, 'అక్కా, ఫోటో ఇప్పుడా, చివరనా?' అని అడిగింది. ఆ తరువాత 'పావర్టీ సఫారీ' అనే ఆ పుస్తకం పేరు చూస్తే మమ్మల్నే అన్నట్లు తోచింది. వెళ్ళడం మానేయాలా?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: మానేయకండి తల్లీ. అయితే ఆ పిల్ల అడిగిన ప్రశ్నను మాత్రం మరిచిపోకండి. ఆ పుస్తకం పేరులోని సఫారీ అర్థం ఆ పిల్ల ఒక్క వాక్యంలో చెప్పేసింది. అడవిలోకి జీపులో వెళ్ళినవాళ్ళు కిందికి దిగకుండా, అద్దాల వెనక నుంచి జంతువులను చూసి, నాలుగు బొమ్మలు తీసుకుని వెనక్కి వస్తారు. పేదల పేటకు వచ్చే అధికారులు, విలేఖరులు, సేవాసంస్థలవాళ్ళు కూడా చాలావరకు అలాగే వస్తారని, ముందే రాసుకున్న కాగితంతో వచ్చి దానిలో మనుషులను సర్దుకుని పోతారని మెక్‌గార్వీ బాధ. 2022లో వచ్చిన ఆయన మరో పుస్తకంలో దీన్నే దూరం అనే మాటతో వివరించాడు. నిర్ణయాలు చేసేవాళ్ళకూ, ఆ నిర్ణయాల కింద బతికేవాళ్ళకూ మధ్య దూరం పెరిగినకొద్దీ, చేసేవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా నిర్ణయాలు తప్పుతాయని ఆయన అంటాడు. చేసేవాడి మంచితనం ఆ లోటును పూడ్చలేదు.

ఆయన పేటలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1990ల మధ్యలో ఎం77 అనే పెద్ద రహదారిని పోలక్ దగ్గరి పచ్చని పార్కు భూముల గుండా వేయడానికి పూనుకున్నప్పుడు, ఆ పేట మనుషులు అడవిలో గుడారాలు వేసుకుని, దానికి పోలక్ ఫ్రీ స్టేట్ అని పేరు పెట్టుకుని నిలబడ్డారు. రోడ్డు ఆగలేదు. కానీ పనిలేనివాళ్ళు, చదువు మానేసినవాళ్ళు అని లోకం కొట్టిపారేసిన మనుషులు చెక్క మీద బొమ్మలు చెక్కడం, సభ నడపడం, తమ నేల గురించి మాట్లాడటం అక్కడ నేర్చుకున్నారు. వాళ్ళకు ఎవరూ వచ్చి స్కెచ్ పెన్నులు ఇవ్వలేదు.

మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. వచ్చే ఆదివారం పెట్టె తీసుకెళ్ళకుండా వెళ్ళి, పిల్లల తల్లిదండ్రుల దగ్గర కూర్చుని, మీకు ఏ పని ఆగిపోయిందని అడగండి. చాలామంది కార్మిక గుర్తింపు కార్డు అంటారని నా అంచనా. 1996 నాటి కట్టడ కార్మికుల చట్టం నుంచి ఉన్న నిబంధన ప్రకారం 18 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసుండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు కట్టడం పనిచేసిన ప్రతి ఒక్కరూ సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. కట్టడం ఖర్చులో 1 శాతం చొప్పున వసూలయ్యే సుంకం వీళ్ళ కోసమే. పిల్లల చదువుకు, కాన్పుకు, ప్రమాదానికి సాయం దాని నుంచే రావాలి. ఆ 90 రోజుల పనికి ధ్రువపత్రం కావాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, పేరు కాగితం మీదికి వస్తే రేపు ఏమవుతుందోనని గుంపు మేస్త్రీ వెనకాడతాడు, కాంట్రాక్టర్ కనబడడు. ఆ సంతకం కోసం మీలో ఇద్దరు ఇంగ్లీషూ కన్నడమూ వచ్చినవాళ్ళు నాలుగు రోజులు తిరిగితే, ఆ పిల్ల తండ్రికి పని జరుగుతుంది. దానికి ఫోటో తీయడానికి ఏమీ ఉండదు.

ప్రశ్న: మా అమ్మ బెంగళూరులో పౌరకార్మికురాలు, అంటే వీధులు ఊడ్చే పారిశుధ్య కార్మికురాలు. మా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నేను ఎంఏ చదువుతున్నాను. మీరు రాసిన ఆయన వర్గం, శ్రామికులు అంటూ మాట్లాడతాడు. మా అమ్మ చేతికి చీపురు రావడానికి కారణం మా కులం. తెల్లవాళ్ళ దేశంలో తెల్లవాడు రాసిన పేదరికం మాకు ఏ విధంగా పనికి వస్తుంది?
— ఒక పాఠకురాలు, శ్రీరాంపురం

జవాబు: అమ్మా, మీరు అడిగినది సరైన ప్రశ్న, గత నెల నేను రాసిన దానిలో ఉన్న లోపం కూడా. మెక్‌గార్వీ పుస్తకంలో కులం ఉండదు, ఉండే అవకాశం లేదు. అక్కడ మనిషి మాట్లాడే యాసను బట్టి, ఉండే పేటను బట్టి తక్కువ చూపు చూస్తారు. యాస మార్చుకుని, పేట మారి, కొంతవరకైనా దానిని దాటవచ్చు. మీ అమ్మమ్మ కాలంలో తెలుగు పల్లెల నుంచి వచ్చి ఈ నగరాన్ని ఊడ్చినవాళ్ళు ఏ వీధికి మారినా వాళ్ళ చేతికి అదే చీపురు ఇచ్చారు. 2022 జూలైలో మీ అమ్మగారి తోటివాళ్ళు పనిని పర్మనెంట్ చేయమని సమ్మె కట్టినప్పుడు అడిగినది జీతం ఒక్కటే కాదని, కాంట్రాక్టు పేరుతో తరాల తరబడి వాళ్ళను అదే పనిలో, అదీ ఏ హక్కూ లేకుండా కట్టిపడేయడం గురించి కూడా అని మీకు నేను చెప్పనవసరం లేదు.

కాబట్టి మీకు అసలు దారి చూపేది మన దగ్గరే ఉంది. 1921లోనే కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని పాట కట్టాడు. తెల్లదొరలు పోయినంత మాత్రాన మా బతుకు మారదని స్వాతంత్ర్యానికి ఇరవై ఆరేళ్ళ ముందే అన్న మాట అది. జాషువా 'గబ్బిలం'లో ఆ అరుంధతీసుతుడు తన ఆకలి చెప్పుకుని ఏడ్చి ఊరుకోలేదు, గుడిలోకి తనను రానివ్వరు కాబట్టి గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి ఫిర్యాదు పంపాడు. ఫిర్యాదు అంటే జాలి అడగడం కాదు, తీర్పు అడగడం. ఇక మన పక్కనే ఉన్న చెన్నైలో, ఉత్తర మద్రాసు శ్రామిక పేటల గానా పాటనూ ర్యాప్‌నూ కలిపి, క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం 2018 జనవరిలో మొదటిసారి వేదిక ఎక్కింది. అరివు అనే ర్యాపర్‌ను లోకం గుర్తించినది అందులోనే. మెక్‌గార్వీ చేసిన పని ఇక్కడ ఎవరు చేస్తున్నారని అడిగితే నేను ముందుగా వీళ్ళ పేర్లే చెబుతాను.

అయినా ఆ గ్లాస్గో పుస్తకం మీకు ఒక్క విషయంలో పనికి వస్తుందని నా నమ్మకం. రేపు మీరు చదువు ముగించి ఎక్కడికి వెళ్ళినా, సదస్సుల్లో, ఇంటర్వ్యూల్లో, మీ అమ్మ గురించి చెప్పండి అని అడుగుతారు. మీరు చెబుతారు, వాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. ఆ తరువాత మురుగు పనికి యంత్రాలు కొనే టెండరు గురించి మీ అభిప్రాయం చెప్పబోతే, సమయం అయిపోయిందంటారు. అలా జరిగినప్పుడు అది మీలోని లోపం కాదని తెలియడానికి, అదే అవమానాన్ని పడి, దానికి పేరు పెట్టి, మళ్ళీ మళ్ళీ ఆ గదుల్లోకి వెళ్ళి తన మాట పూర్తి చేసి వచ్చిన మనిషి ఒకడు ఉన్నాడని తెలియడం మంచిది.

ప్రశ్న: కత్తిపోట్లు తగ్గించడానికి అక్కడి పోలీసులు ఒక ర్యాపర్‌ను పెట్టుకున్నారని మా అబ్బాయి చెప్పాడు. నిజమా?
— ఒక పాఠకుడు, పీణ్యా

జవాబు: నిజమే, ఆ ర్యాపర్ ఈయనే. గ్లాస్గో ఒకప్పుడు యువకుల కత్తిదాడులకు పేరుమోసిన నగరం. అక్కడి స్ట్రాత్‌క్లైడ్ పోలీసులు 2005లో హింసను తగ్గించడానికి ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. మరుసటి ఏడాది అది స్కాట్లాండ్ మొత్తానికి విస్తరించింది. హింసను నేరంగా మాత్రమే కాకుండా ఒక అంటువ్యాధిలాగా చూడాలని, అది ఎక్కడ పుడుతోంది, ఎవరి నుంచి ఎవరికి పాకుతోంది అని వెతికి అక్కడే ఆపాలని వాళ్ళ పద్ధతి. ఆసుపత్రిలో గాయంతో పడి ఉన్న కుర్రవాడి పక్కన కూర్చుని మాట్లాడటం, ముఠాలు విడిచివచ్చినవాళ్ళకు పని చూపించడం కూడా అందులో భాగం. ఆ విభాగం తరఫున మెక్‌గార్వీ కుర్రవాళ్ళతో కలిసి ర్యాప్ రాయించాడు. జైళ్ళలో కూడా అలాంటి తరగతులు నడిపాడు. నోట మాట రానివాడికి చేయి లేస్తుందని మన ఊళ్ళలో కూడా చూస్తున్నదే కాబట్టి, మాట నేర్పడం పోలీసు పని కాదని నేను అనుకోను.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. డిగ్రీ ఆపేసి ఎలక్ట్రానిక్ సిటీలో డెలివరీ పని చేస్తున్నాను. ఆయన పుస్తకం నేను చదవగలనా?
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: చదవగలవు తమ్ముడూ. పుస్తకాలు చివరిదాకా చదవడం తనకు ఎప్పుడూ కష్టమేనని ఆయన అందులోనే ఒప్పుకున్నాడు, అందుకనే అధ్యాయాలను చిన్నవిగా, ఒక్కొక్కటి విడిగా చదువుకోవడానికి వీలుగా రాశాడు. ఆ పుస్తకాన్ని అచ్చువేయడానికి కావలసిన డబ్బులో కొంత ముందుగానే చందాలుగా ఇచ్చినవాళ్ళు కూడా చాలావరకు మామూలు మనుషులే.

అంతకన్నా సులువైన దారి ఒకటి ఉంది. 2022లో బీబీసీ వాళ్ళు ఏటా రేడియోలో ప్రసారం చేసే రీత్ ఉపన్యాసాలలో ఒకదానికి ఆయనను పిలిచారు. నాలుగు స్వేచ్ఛల మీద నలుగురు మాట్లాడారు, లేమి నుంచి విముక్తి అనే అంశం ఆయనకు ఇచ్చారు. తన ఊరు గ్లాస్గోలోనే ఆ ఉపన్యాసం చేశాడు. దాని ఆడియో, పూర్తి పాఠం రెండూ బీబీసీ సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఆర్డరు కోసం హోటలు బయట నిలబడే పది పదిహేను నిమిషాల్లో కొంచెం కొంచెంగా విను. ఆయన యాస మొదట అసలు అర్థం కాదు, నాకు కూడా కాలేదు. పాఠం ఫోనులో తెరిచి పెట్టుకుని వాక్యం వాక్యం చూస్తూ వింటే రెండోసారికి చెవికి పడుతుంది. అందులో ఏ మాట దగ్గర నీకు ఒప్పుదల కాలేదో, ఎందుకు కాలేదో ఒక కార్డు ముక్క మీద రాసి పంపు. వచ్చే నెల ఇక్కడే వేస్తాను.